ఒంటి మీది చౌడు

ఆళ్ళగడ్డ బస్టాండులో దిగేసరికి మే నెల ఎండ నెత్తి మీద కూర్చుంది. నంద్యాల నుంచి వచ్చినంతసేపూ ఫోను చేతిలోనే పట్టుకున్నాను. మరదలు హన్నమ్మ పొద్దున ఒక్కసారే మాట్లాడింది. "పాప మెత్తగా పడిపోయింది బావా, బేగా రా" అని పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

నా భార్య అరుణకుమారి ఉన్నప్పుడు ఇలాంటి ఫోన్లు ఆమెకు వచ్చేవి. ఆమె పోయాక చెల్లెలు నాకు చేస్తోంది. డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, డాక్టరును కానని హన్నమ్మకు తెలుసు. తెలిసీ పిలుస్తుంది. అలా పిలిచేవాళ్ళు ఒకరైనా మిగిలినందుకు లోలోపల సంతోషమే.

ఇంట్లో కూలరు ముందు తడిగుడ్డ పరిచి పాపను పడుకోబెట్టారు. పాప పేరు సుప్రజ. హన్నమ్మ కూతురు జ్యోత్స్న బిడ్డ. ఇంకా ఏడాదిన్నర నిండలేదు. పుట్టినప్పటి నుంచి దగ్గే. న్యుమోనియా అని రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టి తెచ్చారు. ఎంత తిన్నా ఒళ్ళు పట్టేది కాదు. ఆ రోజు మాత్రం దగ్గడానికి కూడా ఓపిక లేనట్టు పడి ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. పెదవులు ఎండి పొట్టు లేచాయి.

"నిన్నటి నుంచి వాంతులు పెదనాయనా," అంది జ్యోత్స్న. ప్రైవేటు బడిలో టీచరు తను. పిల్లలను అదిలించే గొంతు పూర్తిగా లోపలికి పోయింది. "ఈడ డాక్టర్‌కు ఫోన్ చేస్తే నంద్యాలకు తీసుకపొమ్మన్నారు. అమ్మేమో చల్లబడినాక పోదామంటాంది."

"ఈ ఎండకు బిడ్డను రోడ్డు మీదికి తీస్తే ఏమన్నా మిగుల్తాదా?" అని వంటింట్లోంచి హన్నమ్మ అరిచింది.

పాపను ఎత్తుకుని నుదుటి మీద ముద్దు పెట్టాను. పెదవులకు ఉప్పు తగిలింది. మామూలు చెమట ఉప్పు కాదది. వెంట్రుకల మొదట్లో తెల్లగా పొడిలా కూడా ఉంది.

"ఇంత ఉప్పగా ఉందేంటి?"

"ఉండదా మరి?" హన్నమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "ఒళ్ళంతా ఉప్పే. మన ఊరి చౌడు నేల చూడ్లేదా, ఉప్పు పైకి కొట్టి తెల్లగా పేలుతాదే, అట్ల కొడతాంది. ఒంట్లో ఎక్కువైపోయింది. అందుకే ఈ మధ్య ఉప్పు పూర్తిగా నిలిపేసినా."

"నిలిపేశావా?"

"దగ్గుకు యాడైనా ఉప్పు పెడతారా బావా? చప్పిడి మెతుకులే పెడతాండా. మా అమ్మ మమ్మల్ని అట్లనే సాకింది. నీ పెండ్లాం గూడా ఆ పత్యం తినే పెరిగింది."

"వాంతులకు ఓఆర్ఎస్ నీళ్ళు తాగించారా?"

"అదీ ఉప్పేగదా."

జ్యోత్స్న తల వంచుకుంది. బిడ్డను తల్లి దగ్గర వదిలి బడికి పోయే మనిషి, ఆమె పెట్టిన పత్యానికి ఎదురు చెప్పలేకపోయింది.

పాపను పడుకోబెట్టి వాకిలి దాకా నడిచాను. మళ్ళీ మంచం దాకా వచ్చాను. ఒకచోట నిలబడలేకపోయాను. చౌడు నేల గురించి హన్నమ్మ అన్నదాంట్లో తప్పు లేదు. ఉప్పు పేలిన నేలకు ఇంకా ఉప్పు చల్లే రైతు ఎవడు? కానీ మనిషి ఒంట్లో లెక్క వేరు. అది నేను బోర్డు మీద బొమ్మ వేసి చెప్పిన పాఠమే.

ఊపిరి గొట్టాల లోపలి గోడ మీద పల్చటి నీటి పొర ఒకటుంటుంది. అందులో సన్నటి నూగు ఊగుతూ దుమ్మునూ కఫాన్నీ పైకి తోస్తుంది. ఆ పొర ఎండకుండా, మరీ ముంచెత్తకుండా గోడలోని కణాలే చూసుకుంటాయి. వాటి పైపొరలో కంటికి కనిపించని తలుపులు ఉంటాయి. ఒక రకం తలుపు గుండా ఉప్పులోని క్లోరైడు బయటికి పోతే దాని వెంట నీరు పోతుంది. ఇంకో రకం తలుపు సోడియంను లోపలికి లాగితే నీరు వెనక్కి వస్తుంది. ఏ తలుపు ఎప్పుడు తెరవాలో, ఎన్ని తలుపులు పైన ఉంచాలో, ఎన్నింటిని లోపలికి తీసుకోవాలో కణం క్షణక్షణం సరిచూసుకుంటుంది. కొందరు పిల్లల్లో క్లోరైడు తలుపు పుట్టుకతోనే వంకరగా తయారవుతుంది. కణం దాన్ని లోపలే పట్టుకుని ముక్కలు చేసేస్తుంది. అది పైపొర దాకా రాదు. గొట్టం ఎండుతుంది, కఫం జిగురులా పట్టుకుంటుంది. చెమట గ్రంథుల్లో అదే తలుపుకు ఉల్టా పని. బయటికి పోబోయే ఉప్పును వెనక్కి లాగాలి. తలుపు లేకపోతే ఆ ఉప్పంతా చెమటతో పోతుంది.

ఏటా చెప్పిన పాఠమే గానీ అలాంటి బిడ్డను ఎన్నడూ చూడలేదు. నేను పొరపడుతున్నానేమో. పొరపాటు కాకపోతే మాత్రం, సాయంత్రం దాకా ఆగితే ఈ పాప ఉంటుందా?

"హన్నమ్మా, కేసీ కాలువ షట్టర్లు తెలుసుగా నీకు?"

"ఇప్పుడు కాలువ ఎందుకు? నీళ్ళ కోసం షట్టరు తిప్పే లష్కరు చొక్కా పట్టుకున్న దాన్ని, నాకు తెలీదా?"

"పాప ఒంట్లో అట్లాంటి షట్టరు ఒకటి తయారవుతోంది గానీ కాలువ మీదికి రావడం లేదని నా అనుమానం. అది లేక ఊపిరి గొట్టాల్లో తడి లేదు. అందుకే ఈ దగ్గు. అది లేకనే చెమటలో ఉప్పు ఆగడం లేదు. నువ్వు చూసేది ఎక్కువైన ఉప్పు కాదు, పోతున్న ఉప్పు."

హన్నమ్మ నా ముఖంలోకి చూసింది. "పోతాండేదా?"

"అవును."

"మరి పోయేదాన్ని నేను పెట్టకుండా..."

"కారు పిలువమ్మా," అన్నాను జ్యోత్స్నతో.

హన్నమ్మ లోపలికి పోయి నీళ్ళ సీసా, చెంచా తెచ్చింది. మూలమీది మందుల షాపులో ఓఆర్ఎస్ పొట్లాలు తీసుకున్నాను. ఆ నీళ్ళు కలిపి కారులో చెంచా చెంచాగా పోశాం. మొదటిది కక్కేసింది. కాసేపాగి పోసింది నిలిచింది. డ్రైవరు అడక్కుండానే పాట ఆపేసి, ఏసీ గాలి వెనక్కి తిప్పాడు. ఆ ఒక్క పనికి అతని మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఇంకొంచెం బేగా పోనీయప్పా," అంది హన్నమ్మ.

"పోతానే ఉండా కదమ్మా, ముందర ట్రాక్టర్ ఉండాది. దాని మీదెక్కి పోమంటావా?"

"ఎక్కితే ఎక్కు."

నంద్యాలలో పిల్లల డాక్టరు ఇంద్రజ పాపను చూస్తూనే సెలైన్ పెట్టమంది. ఎండిపోయిన ఒంటికి నరం దొరుకుతుందా అని నా భయం. నర్సు చిన్న చేతిని వెలుగుకు తిప్పి, ఒక్క పోటుకే పట్టేసింది. ఆమెకు దండం పెట్టబోయి, సూది చేతిలో ఉందని ఆగాను.

"మూత్రం ఎప్పుడు పోసింది?" అని డాక్టరు అడిగింది.

"రాత్రి కొంచెం," అంది జ్యోత్స్న. "పొద్దున్నుంచి లేదు."

డాక్టరు ముఖం మారింది. ఉప్పు సంగతి, చప్పిడి సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నది. రక్తపరీక్ష వచ్చాక తలూపింది. సోడియం, క్లోరైడు బాగా పడిపోయాయి. "మీ అనుమానం సరైనదే కావొచ్చు. చెమట పరీక్ష హైదరాబాదులో చేయించాలి, అప్పటిదాకా ఏదీ ఖాయంగా చెప్పలేను. ముందు మూత్రపిండాలు కదలాలి. మూత్రం వచ్చిన వెంటనే చెప్పండి."

ఎదురుచూడ్డం మొదలైంది. జ్యోత్స్న మంచం పట్టీ పట్టుకుని నిలబడింది. నేను వరండా చివరిదాకా పోయి రావడం, సెలైన్ చుక్కలు చూడ్డం, మళ్ళీ పోవడం. కిటికీలోంచి ఎండ కాస్త కాస్తగా పక్కకు జరుగుతోంది. పాప పక్కబట్టను ఎవరో ఒకరు తడిమి చూస్తూనే ఉన్నారు. పొడిగానే ఉంది.

"నా బిడ్డ బిడ్డను నేనే తింటిని కదా బావా," అంది హన్నమ్మ గోడకానుకుని.

"దగ్గుకు పత్యం పెట్టావు. ప్రేమ లేకపోతే పెడతావా?"

"ప్రేమతో చంపితే లేసొస్తాదా?"

అరుణ ఉంటే చెల్లెలిని ఒక తిట్టు తిట్టి ఏడ్పించేది. ఏడిస్తే తేలికయ్యేది. నాకు తిట్టడం చేతకాదు. పక్కన కూర్చుని ఆమె చేతిలోంచి సీసా తీసుకున్నాను. అప్పటిదాకా అది ఖాళీదని ఆమె చూసుకోలేదు.

పాప కళ్ళు తెరిచి సన్నగా ఏడ్చింది. ఎత్తుకోమన్నట్టు సూది లేని చేతిని చాచింది. "మీరు కూర్చోండి, నేను ఇస్తా," అని నర్సు ట్యూబు సరిచేసి పాపను నా ఒళ్ళో పెట్టింది. పాప నా ముంజేయి మీద తల ఆన్చి నన్ను చూస్తూ పడుకుంది. పొద్దుటి చూపు కాదది. ఎవరినో వెతికే చూపు.

నేను కదలకుండా కూర్చున్నాను. కాసేపటికి తొడ మీద వెచ్చగా తగిలింది. సెలైన్ కారిందేమోనని ట్యూబు చూశాను. ట్యూబు బాగానే ఉంది. వెచ్చదనం ప్యాంటులోంచి మోకాలి దాకా పాకింది.

"పోసింది," అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను.

హన్నమ్మ ఒక్క ఉదుటున లేచి బట్ట తడిమి చూసింది. "పోసిందే! ఓ నర్సమ్మా! మా బావ ప్యాంటంతా పోసింది, రాండి చూద్దురుగానీ!" వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఎవరో ముసలాయన నవ్వాడు. జ్యోత్స్న నేల మీద కూలబడి నా మోకాలికి నుదురు ఆనించింది, ఆ తడిలోనే.

డాక్టరు వచ్చి చూసి మంచిదే అంది. రేపు మళ్ళీ రక్తం చూస్తామంది. ఆ తర్వాత హైదరాబాదు పోవాలి. జబ్బు అదే అయితే జీవితాంతం మందులు, రోజూ వీపు తట్టి కఫం తీయడం, ఎండాకాలంలో అందరి పిల్లల కన్నా ఎక్కువ ఉప్పు. ఆ మాటకు హన్నమ్మ డాక్టరు చెయ్యి పట్టుకుంది. "ఎంత పెట్టాలో నాకు చేత్తో చూపీమ్మా. చెంచాతో గాదు, నాకు చేత్తోనే తెలుస్తాది."

డాక్టరు నవ్వి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకు తెచ్చింది. హన్నమ్మ తన వేళ్ళు అలాగే పెట్టుకుని చూసుకుంటుంటే పాపకు మళ్ళీ దగ్గు వచ్చింది. చిన్న ఒళ్ళంతా కదిలిపోయే దగ్గు. జ్యోత్స్న బిడ్డను జాగ్రత్తగా భుజానికెత్తుకుంది. సెలైన్ ట్యూబు లాగకుండా నేను పట్టుకుని ఉంటే, తను వీపు తట్టడం మొదలుపెట్టింది.