ప్రిస్కిల్లా చెరువులో మిషను

మా తోటికోడలు ప్రిస్కిల్లా చేపల చెరువులో మిషను పెట్టించిన దగ్గర్నుంచీ మా అత్తగారు జ్ఞానమ్మగారి నోట మరో మాట లేదు. భీమవరం నుంచి కుర్రాళ్లొచ్చి బిగించారు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే అది సెల్‌ఫోన్‌కి మెసేజ్ పంపుతుందట. "మా చిన్నకోడలిది ఎంత తెలివో!" అని ఊరంతా చాటింపు. మరి ఇన్నేళ్లుగా ఏ మిషనూ లేకుండా చేపలు పెంచుతున్న నేనేంటి, గడ్డి పీకుతున్నానా? అవునండీ, నాకు కుళ్లే. ఈసారి చేపల పట్టుబడిలో దాని చెరువుని మించి తీరాలనుకున్నాను.

ఆ ఆదివారం మబ్బు పట్టి, గాలన్నది లేదు. చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేది ఇలాంటి రోజుల్లోనే. చర్చిలో అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టారో లేదో, ప్రిస్కిల్లా ఫోను టింగుమంది. అందరి తలలూ ఇటే.

"అక్కా, ఆక్సిజన్ పడిపోయిందట. మీరూ రండి, మీ చెరువూ చూసుకుందురు గాని" అని గొణిగింది.

"నీ మిషను నీ చేపల సంగతి చెబుతుంది. నా చేపలు నిక్షేపంలా ఉన్నాయి. నువ్వెళ్లు" అన్నాను.

కొంగు బిగించి బయటికి పరుగెత్తింది. మగవాళ్ల వైపు మా ఆయన జీవరాజుగారు లేవబోయారు. నేను కళ్లెర్రజేశాను. పాపం, మళ్లీ చతికిలబడ్డారు.

రెండు చెరువులకీ మధ్య ఉన్నది ఒక్క గట్టే. పైనున్నదీ ఆ మబ్బే. నాకు తెలియదా? కానీ ఇప్పుడు లేస్తే దాని మిషను గెలిచినట్టే కదా! ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు.

దీవెన అయ్యీ కాగానే స్కూటరెక్కి చెరువు దగ్గరికి పరుగు. నీళ్లలో గాలి కలిపే మా ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి. నోళ్లు తెరుచుకుని పైకి తేలిన శీలావతి చేపలు ఒక్కొక్కటే మళ్లీ లోపలికి దిగుతున్నాయి. ప్రిస్కిల్లా పట్టుచీర మోకాళ్ల దాకా బురద.

"మీ చేపలే ఎక్కువ తేలాయక్కా, అందుకే ముందు మీవి వేశాను. మీ మోటారు స్టార్టరు మొరాయించింది. అది పట్టేసరికి నా చెరువుకి ఆలస్యమైపోయింది" అంది. గట్టుకి అవతల తన చెరువు అంచంతా చచ్చి తేలిన చేపల తెల్లటి పొట్టలు.

"అయ్యో" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ వెనకే, ఈసారి పట్టుబడి నాదేనని కూడా అనుకున్నాను.

నాదే అయింది. పట్టుబడి రోజున లారీ నిండా నా చేపలే. నడుం మీద చెయ్యేసుకుని గట్టు మీద నిలబడ్డాను. అత్తగారు వచ్చి, లారీ వంక చూసి, కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

"ఎంత మంచి మనసమ్మా మా చిన్నకోడలిది!" అన్నారు.