కర్పూరం ఆరేలోగా

మా సాయిదుర్గ గిటారు పట్టిందంటే పక్కింటి రెబెక్కా కోళ్ళగంప మీద గోనెపట్టా కప్పేస్తుంది. "గుడ్లు పెట్టడం మానేస్తున్నాయి వదినా" అంటుంది. నేనేం చెప్పను? భీమవరం కాలేజీలో చదువుతున్న పిల్ల. ఇంకో ఇద్దరు కుర్రాళ్ళతో కలిసి మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో వాయిస్తూ ఉంటుంది. ఆ పాటల్ని థ్రాష్ మెటల్ అంటారట.

"ఇదేం కొత్త ఫ్యాషనే?" అని అడిగాను.

"కొత్తది కాదమ్మా, నీ చిన్నప్పటిది. మధ్యలో అందరూ వదిలేశారు. ఇప్పుడు మా వయసువాళ్ళు మళ్ళీ పట్టుకున్నారు. అప్పటి స్పీడు, అప్పటి గోల, ఏమీ తగ్గించకుండా."

"కాస్త ఆగి పాడితే మాట అర్థమవుతుంది కదా."

"కోపం ఆగి ఆగి వస్తుందా అమ్మా?"

దాని కోపం ఎవరి మీదో నాకు తెలుసు. నిరుడు మా ఊరి పెద్ద జీవరాజుగారు రోగమొచ్చిన తన రొయ్యల చెరువు నీళ్ళు ఉప్పుటేట్లోకి వదిలేశారు. ఏరంతా చేపలు తెల్లగా తేలాయి. ఆ ఏటి మీదే బతికే మా ఆయన యుగంధర్ అడగడానికని చెరువు గట్టెక్కాడు. అడిగినందుకు, రొయ్యలు దొంగిలించడానికి వచ్చాడని పట్టుకుని, మెడలో వల వేసి సంతంతా తిప్పించారు. అప్పట్నుంచి ఆయన పడవ దించలేదు. గుడికి కూడా రాడు. "దొంగకి గుడేంటే?" అంటాడు.

నేను రోజూ అమ్మవారికి దీపం పెట్టి ఒకటే అడిగేదాన్ని, ఆ మాట అన్న నోటితోనే దాన్ని వెనక్కి తీయించు తల్లీ అని. ఇది భక్తా, కక్షా అని అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. తేలేది కాదు. దీపం మాత్రం మానలేదు.

ఈ ఏడు జాతర కమిటీకి జీవరాజుగారే ప్రెసిడెంటు. ఈ పిల్లల పాట వీడియో ఏదో అందరి ఫోన్లలో తిరుగుతోందని విని, మా గుమ్మం ముందు బుల్లెట్టు ఆపారు.

"ఏమ్మా వీరవేణీ, మీ పిల్ల పెద్ద పేరే తెచ్చుకుందంట కదా! జాతరలో పాడించండి. పాత సంగతులు మనసులో పెట్టుకోకండి మరి."

లోపలి గదిలో మా ఆయన దగ్గు కూడా బిగబట్టేశాడు. నేను వద్దనేలోపే సాయిదుర్గ బయటికొచ్చింది.

"తప్పకుండా పాడతామండి."

"అమ్మవారి పాటేనా?"

"అమ్మవారికి చెప్పుకునే పాటేనండి."

ఆయన వెళ్ళాక ఆ పాట ఏంటో చెప్పమన్నాను. విని చెంపలు వేసుకున్నాను. "గుడి ముందు ఈ మాటలేంటే?"

"నువ్వు రోజూ దీపం ముందు అనేవేగా. విని పాట కట్టాను."

జాతర రోజు పొద్దు వాలుతుండగా స్టేజీ ఎక్కారు. ఊరంతా లౌడ్‌స్పీకర్లు కట్టారు, ఒకటి మా ఇంటి ముందు స్తంభానికి కూడా. ఆ ఇద్దరు కుర్రాళ్ళలో డ్రమ్ములు వాయించే లోవరాజు మొదలెట్టగానే, అమ్మవారి కుండలు నెత్తినెత్తుకుని ఆడే మా గరగల డోలు గుర్తొచ్చింది. అదే ఉరుకు, కాకపోతే కల్లు తాగినట్టు ఇంకా ఉరుకు. సాయిదుర్గ "తల్లీ!" అని అరిచి, జుట్టు విరబోసుకుని తల ఊపడం మొదలెట్టింది. చూసి కాలేజీ కుర్రాళ్ళంతా కింద తలలూపారు.

"అమ్మవారు వచ్చేసిందర్రా!" అని ఓ ముసలమ్మ పసుపునీళ్ళు చల్లింది. ఆడవాళ్ళందరూ దండాలు పెట్టేశారు.

పూనకం వస్తే ఊరి పెద్ద హారతి పట్టి, ఏం కావాలో అడగాలి. అది మా ఊరి ఆనవాయితీ. జీవరాజుగారు గబగబా పళ్ళెంలో కర్పూరం వెలిగించుకుని స్టేజీ ఎక్కారు. అప్పుడే కత్తితో కోసినట్టు పాట ఆగిపోయింది. అలా ఆగడం కూడా ఆ పాటల పద్ధతేనట.

"తల్లీ, ఏం కావాలో అడుగు" అన్నారు మైకులో.

సాయిదుర్గ రొప్పుతోంది. గొంతు పోయింది, మాట రావడం లేదు. నా కాళ్ళు నన్ను స్టేజీ మీదికి ఎప్పుడు తెచ్చాయో తెలియదు. మైకు తీసుకున్నాను.

"ఇది పూనకం కాదండి. అమ్మవారి పేరు చెప్పి నేను మోసం చెయ్యను. ఇది నా కూతురే. మాటలు అర్థం కాలేదు కదా, నేను చెబుతాను వినండి." నెమ్మదిగా చెప్పాను. "ఏరు చంపినోడెవడు తల్లీ. దొంగన్నోడెవడు తల్లీ. నీ ముందు నిలబెట్టు."

జీవరాజుగారి వైపు తిరిగాను.

"మీరే నిలబడ్డారు రాజుగారూ. చేతిలో కర్పూరం వెలుగుతోంది. మా ఆయన దొంగో కాదో చెప్పండి."

"ఇప్పుడేంటమ్మా ఆ గొడవ..." పళ్ళెం దించబోయారు.

"వెలుగుతున్న హారతి కింద పెడతారేంటండీ!" అని కింద నుంచి ముసలమ్మ అరిచింది.

పళ్ళెం కాలుతోంది. ఆయన వేళ్ళు మారుస్తున్నారు. నాకు జాలి కలగలేదు. అది తప్పేమో, అమ్మవారినే అడగాలి. మంట చిన్నదవుతుంటే ఆయన కళ్ళు దాని మీదే ఉన్నాయి. ఆరేదాకా నోరు విప్పకపోతే తప్పు ఒప్పుకున్నట్టేనని ఊరు అనుకుంటుందని ఆయనకి తెలుసు.

"కాదు" అన్నారు, పెదాలు మాత్రం కదిపి.

"మైకులో చెప్పండి. మా ఆయన ఇంటి దగ్గరున్నాడు."

"యుగంధర్ దొంగ కాదు."

"నీళ్ళు ఎవరు వదిలారండి?"

"... నేనే."

కర్పూరం ఆరింది. ఆయన మెట్లు దిగుతుంటే దారి ఇచ్చారు కానీ ఎవరూ దండం పెట్టలేదు. కాసేపటికి రెబెక్కా ఇంటి సందులోంచి మా ఆయన వచ్చాడు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు. స్టేజీ దాకా రాలేదు. జనంలో నిలబడ్డాడు, అంతే. పక్కవాళ్ళు జరిగి చోటిచ్చారు.

నా కోపం ఇంకా చల్లారలేదు. సాయిదుర్గకి మంచినీళ్ళిచ్చి, "మళ్ళీ పాడవే. మీ నాన్న వచ్చాడు. ఈసారి కాస్త నెమ్మదిగా" అన్నాను.

"ఈ పాట నెమ్మదిగా రాదమ్మా."

"అయితే నీ స్పీడులోనే పాడు. పక్కన నిలబడి మాటలు నేను చెబుతాను."