పట్టాల మీద కూర్చున్నవాళ్ళు

పొడుగోడు చచ్చిపోవడం ఫిట్టరమ్మ కళ్ళారా చూసింది.

పట్టపగలు పదకొండు గంటలు. పార్కు నడిబొడ్డున ఉన్న రోలర్ కోస్టర్ కింద నిలబడి ఆమె తాడుతో గ్రీజు డబ్బా పైకి పంపుతోంది. నలభై అడుగుల ఎత్తున పట్టాల మీద బోర్లా పడుకుని పొడుగోడు బోల్టులు బిగిస్తున్నాడు. పద్నాలుగేళ్ళుగా ఇద్దరిదీ ఒకటే జట్టు. ఒకరు పైన, ఒకరు కింద. పైకెక్కే మనిషి ముందు మెయిన్ స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంటాడు. ఆ మనిషి దిగొచ్చి తన చేత్తో తాళం తీస్తే తప్ప బండి కదలకూడదు. ఫిట్టర్ల ప్రాణాలన్నీ ఆ ఒక్క తాళం మీదే.

ఆరోజు యజమాని చుట్టాలెవరినో, కొత్త రైడ్‌కి పెట్టుబడి పెట్టిన పెద్దమనుషులనీ వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళకి ఒక్కసారి ఎక్కి చూడాలని సరదా పుట్టింది. మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చి, "ఇంకా ఎంతసేపే?" అన్నాడు.

"ఇంకో గంట పడుతుంది సార్."

"గంటా! వాళ్ళు ఎండలో నిలబడతారా గంట?"

వెనకే వచ్చిన గార్డు చేతిలోంచి కట్టర్ లాక్కుని, ఆమె చూస్తుండగానే మేనేజరు తాళం కొంకిని పుటుక్కున తెంపేశాడు.

"సార్! పైన మనిషున్నాడు! ఒరేయ్ ఆపండ్రా, పైన మనిషున్నాడు!" గొంతు చించుకుని అరిచింది ఫిట్టరమ్మ.

మేనేజరు క్యాబిన్లోకి దూరి, "తొయ్యి!" అన్నాడు. లీవరు తోశారు. బండి గొలుసు పట్టుకుని టకటకా పైకెక్కి, అవతలి పక్కకి దూకింది. పొడుగోడు తల ఎత్తాడు. లేవడానికి మోకాలు మడిచాడు కూడా. అంతే. అతని చెప్పు ముందు కింద పడింది. తర్వాత అతను పడ్డాడు, రెండు చోట్ల. ఫిట్టరమ్మ ముఖం మీద వెచ్చగా ఏదో చిందింది. తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆమెకి.

పెద్దమనుషులని కారెక్కించి పంపేశారు. నీళ్ళ గొట్టం పెట్టి నేల కడిగించారు. సాయంత్రానికల్లా కాగితం తయారైంది: ఫిట్టరు తాగి ఎక్కాడు, తాళం వెయ్యలేదు. కింద సాక్షి సంతకం ఎవరిదో తెలుసా? లీవరు తోసినవాడిది. ఫిట్టరమ్మ సొంత తమ్ముడిది.

ఆమె తిన్నగా వాడింటికి వెళ్ళింది. మరదలు కుర్చీ వేసింది, మంచినీళ్ళు తెచ్చింది. ఫిట్టరమ్మ రెండూ ముట్టుకోలేదు.

"సంతకం ఎందుకు పెట్టావురా?"

"తోసింది నేను కదక్కా. తాళం మాట బయటికొస్తే హత్యకేసు నీ మీదే అన్నాడు మేనేజరు. నోరు మూసుకుంటే పర్మినెంటు చేస్తానన్నాడు."

"నేను అరిచింది నీకు వినపడిందా?"

వాడు గోడకేసి చూశాడు. మరదలు వాడికేసి చూసింది.

"అడుగుతున్నాను. వినపడిందా, లేదా?"

"వినపడిందక్కా. విని కూడా తోశాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. చెయ్యి దానంతటదే పోయింది."

ఫిట్టరమ్మ లేచింది. "పొడుగోడి పెళ్ళాం రేపు నీ దగ్గరికొస్తుంది. ఆవిడకి కూడా ఈ మాటే చెప్పు" అని వచ్చేసింది. ఆ తర్వాత పదకొండు రోజులు వాడితో మాట్లాడలేదు.

మర్నాడు భోజనాల వేళ క్యాంటీన్ వెనక పనివాళ్ళంతా కూడారు. రెండువందల మంది దాకా ఉంటారు. ముందురోజు స్విచ్చి కింద ఏరి దాచుకున్న తెగిన తాళం ఆమె చేతిలో ఉంది. చెయ్యెత్తి అందరికీ చూపించింది.

"తాగుబోతు వేసిన తాళం ఇది. ఎవడు తెంపాడో నేను చూశాను."

"చూస్తే మాత్రం? యజమాని ఫోను కొడితే పోలీసులు పరుగెత్తుకొస్తారు. మన మాట వినేదెవరు?" అన్నాడు జెయింట్ వీల్ తిప్పే ముసలాయన.

"నీ తమ్ముడే జైలుకి పోతాడు, తెలుసా?" అని వెనక నుంచి ఎవరో కేక.

"తెలుసు. పోనివ్వండి. వాడి వెనక నిలబడి తోయించినవాడు కూడా పోవాలి. వాణ్ణి పంపించడం నా ఒక్కదాని వల్ల కాదు. అందుకే పిలిచాను మిమ్మల్ని."

గొడవ గంటసేపు సాగింది. పిల్లల చదువులన్నారు, అద్దెలన్నారు. ఒకడైతే పొడుగోడు నిజంగానే తాగుతాడని కూడా అన్నాడు. పక్కవాడు చొక్కా పట్టుకున్నాడు. చివరికి అందరినీ కలిపింది కొత్త రైడ్ సంగతి. దాని పేరు పిడుగు. పది రోజుల్లో, ఆదివారం నాడు ప్రారంభం. రెండు రోజుల కిందట ఇసకమూటలు కూర్చోబెట్టి తిప్పి చూశారు. తలకిందులయ్యే చోట మూడో పెట్టెలో నడుముకి అడ్డంగా ఉండే కడ్డీ దానంతటదే తెరుచుకుంది. మూట ఎగిరొచ్చి ఈ క్యాంటీన్ కప్పు మీదే పడి పగిలింది. సంగతి చెబితే యజమాని నవ్వాడు. "ఇసకమూటకి పట్టుకోవడం రాదు. మనుషులకి వస్తుంది" అన్నాడట.

"వాడి కూతుర్ని కూర్చోబెట్టమనండి మూడో పెట్టెలో" అంది టికెట్లు చింపే అమ్మాయి. మొదటిసారి అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళు తర్వాత చేతులెత్తారు. పిడుగు కదలకూడదు. మేనేజరు మీద కేసు పెట్టేదాకా ఫిట్టరన్నవాడు పట్టాలెక్కకూడదు.

కానీ పిడుగులో మొదట ఎక్కేదెవరు? ఆదివారం జట్టు. ఆ పార్కుకి వీరాభిమానులు వాళ్ళు, నలభై మంది. ఒకడు దర్జీ, ఒకామె నర్సు, ఒకాయన రిటైరైన పోస్టుమాన్. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం రోలర్ కోస్టర్ ఎక్కడానికే వస్తారు. ఏ మలుపులో ఏ బోల్టు కీచుమంటుందో కూడా చెప్పగలరు. టీవీ కెమెరాల ముందు వాళ్ళని ఊరికే ఎక్కిస్తామని మేనేజరు పాసులిచ్చాడు. వాళ్ళు ఎక్కితే ఊరంతా ఎక్కుతుంది.

ఫిట్టరమ్మ వాళ్ళని వెతుక్కుంటూ దర్జీ కొట్టుకి వెళ్ళింది. పదిమంది ఉన్నారక్కడ. ఆదివారానికి అందరూ ఒకే రంగు చొక్కాలు కుట్టించుకుంటున్నారు.

"చూడమ్మా, మేం సరదా కోసం వచ్చేవాళ్ళం. మీ సమ్మెలూ గొడవలూ మాకెందుకు?" అన్నాడు పోస్టు బాబాయి. అందరూ అలాగే పిలుస్తారాయన్ని.

"నువ్వు మా బండి ఎన్నిసార్లు ఎక్కావు బాబాయ్?"

ఆయన ఛాతీ ఉబ్బింది. "రెండు వేల పైచిలుకు!"

"రెండువేల సార్లూ క్షేమంగా దిగావు. ఎవరి వల్ల దిగావు?"

కుట్టుమిషను ఆగింది.

నర్సమ్మ అడిగింది: "పొడుగ్గా ఉండి, ప్రతి పెట్టె దగ్గరా కడ్డీ రెండుసార్లు లాగి చూసేవాడు, ఆయనేనా పోయింది? పేపర్లో తాగి పడ్డాడని రాశారే!"

ఫిట్టరమ్మ అంతా చెప్పింది. తాళం సంగతి, అరిచిన సంగతి, తమ్ముడి సంగతి, ఇసకమూట సంగతి. దాచుకోలేదు. వాళ్ళు వింటూ వింటూ ఆ కొత్త చొక్కాలు పక్కన పెట్టేశారు.

"ఆదివారం వస్తాం. ఎక్కడానికి మాత్రం కాదు" అన్నాడు పోస్టు బాబాయి.

ఆదివారం పొద్దున పదికి మేనేజరు స్వయంగా గేటు దగ్గర నిలబడి ఆదివారం జట్టుని ఆహ్వానించాడు. గార్డులే దారి చేసి ప్లాట్‌ఫారం మీదికి తీసుకెళ్ళారు. కెమెరాలు తిరుగుతున్నాయి. యజమాని చెయ్యి ఊపాడు. నలభై మందీ బండి దాకా నడిచారు. పెట్టెల్లో ఒక్కరూ కూర్చోలేదు. ముందుకెళ్ళి, కిందికి దిగి, బండి ఎదురుగా పట్టాల మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు.

"ఏయ్, ఏంటిది! లేవండి!" అని యజమాని అరిచేలోపల మిగతా రైడ్ల దగ్గర ఉన్నవాళ్ళు తప్ప పనివాళ్ళంతా కంచె దాటి వచ్చి వాళ్ళ చుట్టూ నిలబడ్డారు.

"మూడో పెట్టెలో నువ్వు కూర్చో ముందు!" అన్నాడు పోస్టు బాబాయి. "పొడుగోణ్ణి చంపినవాడెవడో చెప్పు ముందు!" అని గుంపంతా అందుకుంది.

మేనేజరు ఈల వేశాడు. అప్పటికే షెడ్డు వెనక లారీలో యాభై మందిని దాచి ఉంచాడు. ఇనప తొడుగు కర్రలతో వాళ్ళు దిగబడ్డారు. ఆడా మగా చూడలేదు. చేతులు అడ్డంపెడితే చేతుల మీద, వంగితే వీపుల మీద కొట్టారు. టికెట్లమ్మాయి పళ్ళు రాలాయి. దర్జీ మీద దెబ్బ పడబోతుంటే పోస్టు బాబాయి అతన్ని పొట్టకి హత్తుకుని వంగాడు. ఆ కర్ర ఆయన తల వెనక పడింది. గుమ్మడికాయ పగిలిన చప్పుడైంది. ఆయన పట్టా మీద తల పెట్టుకుని మళ్ళీ లేవలేదు. నర్సమ్మ ఆయన మెడ మీద వేళ్ళు పెట్టి నాడి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తన చున్నీ తీసి ఆయన ముఖం మీద కప్పింది.

"చంపేశారు!" అందామె. అది విని ఒక్కరూ పారిపోలేదు. వెనక వరసలో వాళ్ళు ముందుకొచ్చి కూర్చున్నారు. పనివాళ్ళు స్పానర్లు ఎత్తారు. కర్ర పట్టుకున్నవాళ్ళ మోకాళ్ళు విరిగాయి. నలుగురు కర్రలు పారేసి కంచె దూకారు.

మేనేజరు క్యాబిన్లోకి ఉరికాడు. అక్కడ లీవరు దగ్గర ఉన్నది ఫిట్టరమ్మ తమ్ముడే.

"తొయ్యి! బండి మీదికొస్తే వాళ్ళే లేస్తారు!"

వాడు లీవరు మీంచి చెయ్యి తీసేశాడు.

"తొయ్యను."

"ఉరి వేయిస్తాను నిన్ను!"

"వేయించు." వాడు మైకు లాక్కున్నాడు. పార్కు మూలమూలలా వాడి గొంతు మోగింది. "అందరూ వినండి! పొడుగోడు తాగలేదు. తాళం వేశాడు. ఈ మేనేజరు తెంపాడు. తొయ్యమంటే నేను తోశాను. మా అక్క అరుస్తున్నా తోశాను. నా సంతకం అబద్ధం..."

గార్డు కర్ర వాడి దవడ మీద పడింది. మైకులో ఎముక విరిగిన చప్పుడు కూడా వినపడింది. తర్వాత లీవరు తోసింది మేనేజరే.

బండి కదిలింది. ప్లాట్‌ఫారం కింద బండిని నెట్టే పళ్ళచక్రం తిరగడం ఫిట్టరమ్మ చూసింది. ఆలోచించడానికి వ్యవధి లేదు. గడ్డపార అందుకుని కిందికి దూకి, పళ్ళ మధ్య గుచ్చింది. గడ్డపార వంగి, చక్రంతో పాటు లేచి ఆమె చేతిని మోచేతి దగ్గర విరిచి గోడకి కొట్టింది. చక్రం పళ్ళు పటపటా రాలాయి. బండి కీచుమంటూ వెళ్ళి, నర్సమ్మ మోకాళ్ళకి జానెడు దూరంలో ఆగింది.

మైకులో మాట పార్కంతా విన్నారు. జెయింట్ వీల్ ముసలాయన ఒక్కో తొట్టినీ మెల్లగా దించి, జనాన్ని చెయ్యి పట్టి దింపి, మోటారు కట్టేశాడు. గుర్రాల చక్రం ఆగింది. నీళ్ళ జారుడుబల్ల దగ్గర పంపులు ఆగాయి. ఎక్కడివాళ్ళు అక్కణ్ణుంచి పిడుగు దగ్గరికి నడిచొచ్చారు.

అప్పుడొచ్చారు పోలీసులు. పోస్టు బాబాయి శవాన్ని దాటుకుంటూ వచ్చి, యజమానితో రెండు మాటలు మాట్లాడి, మేనేజరుని కారులో ఆస్పత్రికి పంపించారు, చేతికి గీరుకుందట. ఫిట్టరమ్మని మాత్రం యంత్రం ధ్వంసం చేసినందుకు పట్టుకున్నారు. తమ్ముణ్ణి హత్యకేసులో పట్టుకున్నారు. ఇద్దరినీ వ్యాన్లోకి విసిరారు.

వాడి దవడ ఒక పక్కకి వేలాడుతోంది. అక్కని చూసి ఏదో చెప్పబోయాడు. నెత్తురు తప్ప మాట రాలేదు. ఫిట్టరమ్మ పనిచేసే చేత్తో కొంగు తీసి వాడి నోరు తుడిచింది.

"ఇప్పుడు మాట్లాడకురా నాన్నా. కోర్టులో మాట్లాడుదువు గాని."

వ్యాను తలుపు వెయ్యబోతుంటే నర్సమ్మ అడ్డంగా నిలబడింది. మోచేతుల దాకా పోస్టు బాబాయి నెత్తురు.

"తప్పుకోమ్మా" అన్నాడు పోలీసు అధికారి.

"తప్పుకోను. నన్నూ ఎక్కించండి. బండి ఆపింది వీళ్ళిద్దరే కాదు."

"మీరు టికెట్టు కొనుక్కుని వచ్చేవాళ్ళు. మీకెందుకిదంతా? ఇంటికి పొండి."

"ఇన్నేళ్ళూ ఇంటికి పోయింది వీళ్ళ వల్లే" అని నర్సమ్మ మెట్టెక్కి ఫిట్టరమ్మ పక్కన కూర్చుని, విరిగిన చేతికి కట్టు కట్టడం మొదలుపెట్టింది. ఆమె వెనక దర్జీ ఎక్కాడు. అతని వెనక నోట్లో గుడ్డ కుక్కుకుని టికెట్లమ్మాయి నిలబడి ఉంది. ఆమె వెనక జెయింట్ వీల్ ముసలాయన. ఎవరూ తోసుకోలేదు, అరవలేదు. ఒకరి వెనక ఒకరు నిలబడ్డారంతే.

లాఠీలు ఎత్తారు. వరస కదల్లేదు. పదహారు మంది పట్టే వ్యాన్లో ముప్పై మంది ఎక్కారు. అధికారి చెమట తుడుచుకుని ఇంకో వ్యాన్‌కి ఫోను చేశాడు.

అది వచ్చేసరికి వరస గేటు దాటి రోడ్డెక్కింది.