ముందు బండి మీద మనిషి

హనుమేష్‌కు ఒళ్ళు మండాలంటే పెద్ద కారణం అక్కర్లేదు, ఒక వేలిముద్ర చాలు. అది అతని సినిమా బ్లూరే బిళ్ళకు మెరిసే వైపున పడితే ఇక ఆ పూట ఇంట్లో ఎవరికీ మాట్లాడే యోగం ఉండదు. పొద్దంతా ఓర్వకల్లులో కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, రాగి తీగ చుట్టి, వార్నీషు కంపుతో ఇంటికొచ్చే మనిషి, ఆ బిళ్ళల్లో ఒకటి ముట్టుకోవాలంటే మాత్రం మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవాడు. తుడుచుకుని, తడి ఆరిందో లేదో చెంపకు ఆనించి చూసుకునేవాడు. అన్నం ముందు కూర్చునేటప్పుడు ఈ మడి ఏమవుతుందని భార్య శివలీల దెప్పేది.

ఊళ్ళో ఎవరికీ ఈ పిచ్చి అర్థం కాలేదు. "ఫోన్లో ఊరికెనే వస్తాది గదప్పా, దుడ్లు పెట్టి బిళ్ళలు కొనేదేంది?" అని అడగని మనిషి లేడు. హనుమేష్ మొదట్లో ఓపిగ్గా చెప్పేవాడు. ఫోన్లో వచ్చేది పిప్పి, అసలు రసం బిళ్ళలో ఉంటుంది, చెట్టు చూపిస్తే ఆకు ఆకూ విడిగా కనిపిస్తుంది అని. అంతా విని, "అయితే పాటలు గూడా ఉంటాయా?" అనేవాళ్ళు. దాంతో చెప్పడం మానేశాడు.

చెప్పినా చెప్పకపోయినా కష్టాలు తప్పలేదు. అంగళ్ళలో బిళ్ళలు అమ్మడం ఆగిపోయి చాలా కాలమైంది. ఎవరో వదిలించుకునేవి నెట్‌లో వెతికి తెప్పించుకోవాలి. ప్యాకెట్టు వస్తే పెట్టె మూల పగిలి ఉంటుంది. పెట్టె బాగుంటే లోపల బిళ్ళ ఊడి గలగలమంటుంది. రెండూ బాగున్న రోజు కరెంటు ఉండదు. కరెంటు ఉన్న రోజు వోల్టేజి పడిపోయి, ప్లేయరు నోరు తెరిచిందంటే మూయదు. వీటన్నిటి మీదా దుమ్ము. రాళ్ళగుట్టల పక్క నుంచి లారీలు పోయినంత సేపూ ఆ ఊరి మీద సన్నటి తెల్లదుమ్ము దిగుతూనే ఉంటుంది. దానికి హనుమేష్ ఇల్లే ఎందుకు నచ్చిందో అతనికి అర్థమయ్యేది కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, నిరుడు వాళ్ళ నాయన బొజ్జన్న చేసిన పని ఒక ఎత్తు. సజ్జకంకులు పాలు పోసుకుంటున్న రోజులు. పిట్టలు వాలకుండా పాత సీడీలు పురికొసకు కట్టి చేన్లో వేలాడదీయడం ఆ ఊళ్ళో అందరూ చేసేదే. గాలికి తిరుగుతూ ఎండకు తళుక్కుమంటే పిట్ట దిగదు. ఒక సాయంత్రం హనుమేష్ సబ్బుతో చేతులు కడుక్కొచ్చి ముచ్చటగా ఒక పెట్టె తెరిస్తే లోపల ఏమీ లేదు. పక్క పెట్టె తెరిచాడు. అదీ ఖాళీ. కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా చేనికి పరిగెత్తాడు. అక్కడ అతని బిళ్ళలన్నీ కర్రలకు వేలాడుతూ ఇంద్రధనుస్సులు చిమ్ముతున్నాయి.

"పెట్టెలు ముట్టల్యా అబ్బీ," అన్నాడు బొజ్జన్న, కొడుకు ముఖం చూసి. "యాడివి ఆడనే సర్దినా. లోపలివే తెచ్చినా. మామూలు సీడీకి పిచ్చుక గూడా బెదరల్యా. నీవి మంచివి గదా, శానా మెరుస్తాండాయి."

హనుమేష్ ఆ మనిషిని ఏమీ అనలేక గట్టు మీద కూలబడి తన చేతినే కొరుక్కున్నాడు. పైకి ఎంత మండిపడ్డా అతను నాయన మీద కోపం నిలుపుకోలేడు. ఎందుకంటే ఈ బిళ్ళల పిచ్చి మొదలైందే నాయన కోసం. ఆ మాట అతను శివలీలకు కూడా చెప్పలేదు.

బొజ్జన్న మీసాలు మొలిచే వయసులో ఉన్నప్పుడు ఓర్వకల్లు బండల దగ్గర ఒక సినిమా తీశారు. అందులో ఎడ్లబండ్ల పందెం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్లు పిలిపించారు. ఆ ఏడు వానల్లేక వీళ్ళ ఊరు ఊరంతా సుగ్గికి పోయింది, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. ఎడ్లను చూసుకోవాలని ఊళ్ళో మిగిలింది బొజ్జన్న, అతని అన్న మహానంది. జనం తిరిగొచ్చేసరికి బొజ్జన్న దగ్గర ఒక కథ తయారుగా ఉంది.

"ముందు బండి నాదే. నిలబడి తోలినా. ఎద్దులు నురగలు కక్కినాయి. డైరెక్టరు ఉరుక్కుంటా వచ్చి బుజం తట్టినాడు."

సినిమా వచ్చింది, పోయింది. కర్నూలుకు పోయి చూసొచ్చిన వాళ్ళకు దుమ్ము కనపడింది, బొజ్జన్న కనపడలేదు. అప్పటి నుంచి అతని పేరు 'హీరో'. చేను పక్క చేను రామాంజి అయితే ఈ వయసులో కూడా వదల్లేదు. "ఏం హీరో, పొద్దున్నే బయలుదేరినావు, షూటింగు ఉండాదా?" అనేవాడు. ఫోన్లోకి ఆ సినిమా వచ్చాక మరీ ఎక్కువైంది. రచ్చబండ దగ్గర ఆ ముక్క పెట్టి, దుమ్ములో చీమంత కనపడే మనిషి మీద వేలు పెట్టి, "ఇది నువ్వా? నేను గూడా కావచ్చు. మా ఎనుము గూడా కావచ్చు," అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. బొజ్జన్న కూడా నవ్వేవాడు గానీ ఇంటికొచ్చి అన్నం సరిగా తినేవాడు కాదు. ఆ పేరు కోసం హనుమేష్ బడిలో చొక్కాలు చించుకుని కొట్లాడాడు. వాళ్ళ నాయన ముఖాన్ని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, కడిగిన అద్దంలా రామాంజి కళ్ళ ముందు పెట్టాలని అతనికి చిన్నప్పటి నుంచీ పట్టుదల. పెద్దనాయన మహానంది బతికున్నన్నాళ్ళూ ఈ గొడవలో తలదూర్చలేదు. తమ్ముడు కథ ఎత్తుకున్నప్పుడల్లా బీడీ వెలిగించుకోవాలని లేచి బయటికి పోయేవాడు.

ఈ ఏడు ఆ పట్టుదల ఫలించే రోజొచ్చింది. పాత సినిమాలు బాగుచేసే విదేశీ కంపెనీ ఒకటి ఆ సినిమా నెగెటివు దొరకబట్టి, కడిగి, తుడిచి, బ్లూరే వేసింది. హనుమేష్ తెప్పించాడు. చేతులు కడుక్కున్నాడు. బిళ్ళ వేశాడు. ఈ బిళ్ళ మీ ప్రాంతపు యంత్రంలో ఆడదు అని తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి.

"సినిమా తీసింది ఈ బండల్లో," అని అరిచాడు హనుమేష్. "ఆ బండల పక్కనుండే నా ఇంట్లో ఆడదంట! ఇదేం న్యాయం?"

"బోరు మోటారైతే నాలుగు తన్నుంటావు," అంది శివలీల.

నెట్‌లో ఎవరో చెప్పారని రిమోటు మీద ఏవో మీటలు వరసగా నొక్కాడు. ప్లేయరు మెనూ మొత్తం ఏదో తెలియని భాషలోకి తిరిగి అక్కడే బిగుసుకుపోయింది. తల పట్టుకున్నాడు. చివరికి అన్ని దేశాల బిళ్ళలూ ఆడే పాత ప్లేయరు ఒకటి హైదరాబాదు నుంచి తెప్పించాడు. అది వచ్చేలోపే బొజ్జన్న ఆగలేక ఊరంతా చెప్పేశాడు. ఆదివారం మధ్యాహ్నం అందరూ రావాలి. రామాంజి ముందు వరసలో కూర్చోవాలి.

ఆదివారం పొద్దున బొజ్జన్న గడ్డం గీయించుకోవడానికి పోయాడు. వచ్చేవాళ్ళ కోసం శివలీల వంటింట్లో ఉగ్గానికి బొరుగులు నానబెడుతోంది. జనం ముందు బిళ్ళ మొరాయిస్తే పరువు పోతుందని హనుమేష్ ఒకసారి వేసి చూసుకున్నాడు.

ఆడింది. అతను ఇన్నేళ్ళుగా ఊరికి చెప్పి చెప్పి విసిగిపోయిన మాటంతా నిజమేనని తెర మీద రుజువైంది. బండల పగుళ్ళు, ఎద్దు కొమ్ము మీద పెచ్చులూడిన రంగు, చక్రం పట్టాకు అంటుకున్న గడ్డిపోచ కూడా కనపడ్డాయి. దుమ్ములోంచి ముందు బండి వచ్చింది. మనిషి నిలబడి తోలుతున్నాడు, పాగా జారిపోతోంది. హనుమేష్ బొమ్మ ఆపి దగ్గరికి పోయాడు. ఆ మనిషి కుడి చెవి తమ్మె రెండుగా తెగి ఉంది.

టీవీ పక్కన గోడకు దండతో పెద్దనాయన ఫోటో ఉంది. ఆ చెవి, ఈ చెవి ఒకటే.

నమ్మబుద్ధి కాక వెనక్కి తిప్పాడు. మళ్ళీ ముందుకు తెచ్చాడు. మూడోసారి ఎడమ పక్కన, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు వెనకాల, ఒక పీలగా ఉండే పిల్లగాడు కనపడ్డాడు. నోరు తెరిచి బండి వైపు చూస్తున్నాడు. ముందు పళ్ళ మధ్య, ఇంట్లో రోజూ చూసే సందు. రెండు చేతులతో ఒక జత చెప్పులు గుండెకు ఆనించి పట్టుకున్నాడు. అన్న బండి ఎక్కుతూ విడిచిన చెప్పులు. అది వాళ్ళ నాయన.

హనుమేష్‌కు ముందు నాయన మీద కోపమొచ్చింది. ఈ అబద్ధం కోసమా నేను బడిలో ముక్కు పగలగొట్టించుకుంది అని. తర్వాత బొమ్మను ఇంత బాగా కడిగిన కంపెనీ వాళ్ళ మీద వచ్చింది. కొంచెం దుమ్ము ఉంచితే వీళ్ళ సొమ్మేం పోయింది? చివరికి తన మీదే వచ్చింది. ఊరంతా దుమ్ములోనే చూసి నవ్వుకుని ఊరుకునేది. ఆకు ఆకూ విడిగా కనపడాలని పట్టుబట్టింది తను. తాడు వెనకాల నిలబడ్డ ఆ పిల్లగాడిని ఇంకోసారి చూశాడు. ఇంకాసేపట్లో రామాంజి ఈ చెప్పులు చూస్తాడు.

ఆడటం లేదని చెబితే చాలదు. రామాంజి ఇంకో యంత్రం తెప్పించి మరీ చూస్తాడు. హనుమేష్ బిళ్ళ బయటికి తీశాడు. పెరట్లోకి పోయి, అలవాటు కొద్దీ, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. తుడుచుకుని చెంపకు ఆనించి చూసుకున్నాడు. తర్వాత పనిసంచిలోంచి ఉప్పుకాగితం తీసి, మెరిసే వైపు పెట్టి, బలం కొద్దీ రుద్దాడు. అది అంత తేలిగ్గా గీత పడే రకం కాదు. పళ్ళు బిగబట్టి, చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దాడు.

మధ్యాహ్నం అందరూ వచ్చారు, ఉగ్గాని తిన్నారు. బొజ్జన్న నున్నగా గీయించుకుని, తెల్లచొక్కా తొడుక్కుని మధ్యలో కూర్చున్నాడు. ప్లేయరు కాసేపు గిరగిరమని, బిళ్ళను చదవలేనని చెప్పింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే.

"అనుకుంటానే ఉండా," అన్నాడు రామాంజి తొడ చరుచుకుని. "హీరోకు ఈరోజు గూడా డేట్లు కుదరల్యా!"

ఇల్లంతా ఘొల్లున నవ్వింది. హనుమేష్ చెవులు ఎర్రబడ్డాయి. "నాదే తప్పు మామా," అన్నాడు. "నా చేతిలోనే గీతలు పడినాయి."

"నీ చేతిలోనా?" అన్నాడు బొజ్జన్న. బిళ్ళ అడిగి తీసుకుని తిప్పి చూశాడు. బొటనవేలితో గీతల మీద మెల్లగా రాశాడు. కొడుకు ముఖం చూశాడు. తెల్లచొక్కా గుండీ ఒకటి విప్పుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇట్లీ," అన్నాడు రామాంజి చెయ్యి చాపి. "కర్నూల్లో మా అల్లుని దగ్గర పెద్ద మిషను ఉండాది. ఎట్ల ఆడదో సూస్తాం."

"వద్దులే రామాంజీ," అన్నాడు బొజ్జన్న, బిళ్ళను జేబులో దోపుకుంటూ. "సజ్జ పాలు పడ్తాండాది. చేన్లో కడ్తా."

ఎండ వాలాక ఇద్దరూ చేనికి పోయారు. హనుమేష్ కర్ర పాతాడు. బొజ్జన్న నడుమ బెజ్జంలోంచి పురికొస దూర్చాడు.

"నువ్వు పొద్దున ఏసి సూసినావు గదా?" అన్నాడు తలెత్తకుండా.

"సూసినా నాయనా."

ముడి వేసే చెయ్యి ఆగింది. "నేను కనపడ్తాండానా?"

"బాగా కనపడ్తాండావు. పండ్ల సందు గూడా."

"మీ పెద్దనాయన?"

"పెద్దనాయన గూడా."

బొజ్జన్న ముడి బిగించాడు. ఒకటి చాలక ఇంకొకటి వేశాడు. కళ్ళు తుడుచుకున్నాడు గానీ అది చూడనట్టు హనుమేష్ రాళ్ళగుట్టల వైపు తిరిగాడు.

"ఒక్క పొద్దు గూడా నన్ను కాదనల్యా అబ్బీ ఆయప్ప," అన్నాడు బొజ్జన్న. "లేసి బయటికి పోతాండె. అంతే."

గాలి వచ్చింది. బిళ్ళ ఒక పక్క గీతలతో మసగ్గా, ఒక పక్క ఎండకు తళతళమంటూ తిరగడం మొదలుపెట్టింది. కంకుల మీద పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి, పక్కనున్న రామాంజి చేను మీద వాలాయి.