ఆవు మేసిన మేడ

నేను ఒక అట్టబడిని. అంటే అట్టముక్కలతో కట్టిన బడిని అన్నమాట. నాకు గోడలున్నాయి, కిటికీలున్నాయి, గేటు కూడా ఉంది. మేడ మాత్రం లేదు. ఒకప్పుడు ఉండేది. దాన్ని ఆవు తినేసింది. నవ్వొస్తే నవ్వండి, ఏమీ అనుకోను. ఆ రోజు నుంచి నేనూ నవ్వుతూనే ఉన్నాను.

నేను పుట్టింది పూసలవలసలో, ఒక పాత ఎరువుల గోడౌనులో. ఆ గోడౌనులోనే పిల్లల బడి నడిచేది. కళ్లు కనిపించనివాళ్లు, చెవులు వినిపించనివాళ్లు, నడవలేనివాళ్లు, మాట నిదానంగా వచ్చేవాళ్లు చుట్టుపక్కల ఊళ్లన్నిటి నుంచీ అక్కడికే వచ్చేవాళ్లు. ఎరువుల బస్తాలు ఎప్పుడో వెళ్లిపోయాయి గానీ వాసన మాత్రం వెళ్లలేదు. వాన పడిందంటే అది మళ్లీ నిద్రలేచేది. అప్పుడు పిల్లలంతా ముక్కులు మూసుకుని ఎక్కాలు చదువుతుంటే బడంతటికీ జలుబు చేసినట్టుండేది.

ఆ బడి ఎనిమిదో తరగతి దాకానే. తర్వాత ఎవరింటికి వాళ్లు వెళ్లి కూర్చోవడమే. టౌనులో హైస్కూలు ఉందిగానీ బస్సు మెట్లు ఎక్కేదెవరు, ఎక్కించేదెవరు?

అలాంటప్పుడు టౌనులోని ఒక ట్రస్టువాళ్లు హైస్కూలు కట్టిస్తామని ముందుకొచ్చారు. ఊరికే కాదు. స్థలం ఊరివాళ్లు ఇవ్వాలి, ఖర్చులో కొంత ఊరివాళ్లు పెట్టుకోవాలి, కట్టబోయే బడి ఎలా ఉంటుందో వాళ్ల ప్రెసిడెంటుగారికి ముందే చూపించాలి. గోడౌను వెనకాల ఉన్న చిన్న జాగాను పంచాయతీ ఇచ్చింది. అది చిన్నది కాబట్టి ఇంజనీరుగారు కింద కొన్ని గదులు, పైన కొన్ని గదులు గీశారు. ఆ గీతలు చూసి నన్ను కట్టే పని పిల్లలకు అప్పజెప్పారు వాళ్ల హెడ్‌మిస్ట్రెస్ సుభద్రా టీచర్.

నా ఒళ్లంతా శుభలేఖలే. ఊళ్లో ఎవరింటి చూరులో చూసినా పాత శుభలేఖలు దొరుకుతాయి కదా, అవన్నీ పోగుచేశారు. పైకి పసుపు నీళ్లు పూసి బడి రంగు తెచ్చారుగానీ, నా కిటికీలోంచి లోపలికి తొంగిచూస్తే గోడల మీద చిరంజీవులూ, సౌభాగ్యవతులూ, విందు వినోదాలూ కనిపిస్తాయి. అన్ని పెళ్లిళ్లు కడుపులో పెట్టుకున్న బడి ఇంకోటి ఉండదేమో. నన్ను అతికించిన జిగురు హైమ నానమ్మ సూరీడమ్మ ఉడికించింది. మైదాలో చిక్కటి గంజి పోసి, ఎందుకైనా మంచిదని కాస్త ఉప్పు కూడా వేసింది. ఆ ఉప్పు సంగతి గుర్తుపెట్టుకోండి.

హైమ గురించి చెప్పాలి. ఎనిమిదో తరగతి అయిపోవస్తున్న పిల్ల. చక్రాల కుర్చీలో తిరుగుతుంది. నన్ను కట్టడంలో సగం పని ఆమెదే, మిగతా సగం లోకనాథానిది. లోకనాథానికి చెవులు వినిపించవు, చేతులతో మాట్లాడతాడు. కిటికీ ఊచలు అతికిస్తూ మాట్లాడటం కుదరదు కాబట్టి, పని ఆపి గంటసేపు కబుర్లు చెప్పి, మళ్లీ ఒక ఊచ అతికించేవాడు. అందుకే నా కిటికీలు పూర్తవడానికి అంత కాలం పట్టింది.

ఒకరోజు హైమ చొక్కా గుండీల చక్రాలతో ఒక బుల్లి కుర్చీ చేసింది. దాన్ని నా గేటులోంచి తోసింది. వరండా మీదుగా, ఆఫీసు గది ముందునుంచి, వంటగది దాకా వేలితో తోసుకుంటూ వెళ్లింది. భలే సరదాగా ఉంది. తర్వాత మెట్ల దగ్గరికొచ్చింది. అగ్గిపుల్లలతో ఆ మెట్లు కట్టింది తనే. తొమ్మిది, పది తరగతులు పైన. వేలు అక్కడే ఆగిపోయింది. కాసేపయ్యాక కుర్చీని తీసి జేబులో వేసుకుంది.

"నాన్న ఎత్తుకుని పెడతాడులే," అంది. ఆ మాట నాతోనే అంది, అక్కడ ఇంకెవరూ లేరు.

వాళ్ల నాన్న పొద్దున్నే కూలికి వెళ్లే మనిషి. రోజూ వచ్చి ఎత్తడం జరిగే పని కాదని ఆమెకూ తెలుసు. అసలు ఎవరైనా ఎత్తుకోవడమంటేనే ఆమెకు ఇష్టం లేదు. అందరూ చూస్తుండగా బియ్యం బస్తాలా గాల్లోకి లేవడం ఎవరికి బాగుంటుంది చెప్పండి?

సుభద్రా టీచర్‌కి ఇది తట్టకపోలేదు. పైకి ర్యాంపు వేయమంటే దానికే రెండు గదుల జాగా కావాలన్నారు ఇంజనీరుగారు. పక్కనే అప్పలసూరి ఖాళీ జాగా ఉంది. టీచర్ వెళ్లి అడిగారు. కొంత ఇమ్మన్నారు, పోనీ కొనుక్కుంటామన్నారు.

"అది నా బంగారి మేత జాగా అమ్మగారూ," అన్నాడు అప్పలసూరి. బంగారి అతని ఆవు. "మీ పిల్లలకి బడి నేపోతే గోడౌనుంది. నా బంగారికేటుంది?"

ఇంకోసారి అడుగుదామని టీచర్ అంటే హైమే వద్దంది. "నా ఒక్కదాని కోసం ఆలస్యమైతే అందరి బడీ పోతుంది టీచర్. మేడే కట్టేయండి," అంది. అని మళ్లీ నా దగ్గరికొచ్చి, ఆ మేడనే అన్నిటికన్నా ముద్దుగా అలంకరించడం మొదలుపెట్టింది. మనుషులు నాకు ఎప్పటికీ అర్థం కారు.

ఇక ఊరి వాటా. టీచర్లు నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంట్లోనూ మగవాళ్లు పొలం వెళ్లారు, ఆడవాళ్ల దగ్గర తాళాలు లేవు, ముసలివాళ్లకు చెవులు వినిపించవు. ఆ నాలుగు రోజులూ మా బడిలో కన్నా ఊళ్లోనే చెవులు వినిపించనివాళ్లు ఎక్కువయ్యారు.

అప్పుడు హైమ నెమ్మదిగా, దాదాపు నాకు మాత్రమే వినపడేలా అంది: "గృహప్రవేశం చేస్తే?"

"దేనికే?" అన్నారు టీచర్.

హైమ నా వైపు చూపించింది.

మీకు తెలుసు కదా. చందా అడిగితే మొహం చాటేసే మనిషి కూడా గృహప్రవేశానికి పిలిస్తే వట్టి చేతులతో రాడు. భోజనం చేశాక చదివింపులు చదివించకుండా వెళ్లాడంటే ఊరు ఊరుకోదు. టీచర్ ముందు నవ్వారు, తర్వాత ఆలోచించారు, ఆ తర్వాత వెళ్లి వంటవాడికి కబురుపెట్టారు.

ఆ రోజు నన్ను పీట మీద పెట్టి మామిడాకులు కట్టారు. ఊరంతా వచ్చింది. బడి లేదు, గృహప్రవేశం మాత్రం ఉందంటే చూడకుండా ఎలా ఉంటారు? ట్రస్టు ప్రెసిడెంటు పాపారావుగారు కూడా కారులో వచ్చారు. ఒకప్పుడు బియ్యం మిల్లు నడిపిన మనిషి, పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద నవ్వు. మైకులో చదివింపులు మొదలయ్యాయి. ఒకరు సీలింగ్ ఫ్యాను, ఒకరు సిమెంటు బస్తాలు, ఒకరు రెండు నాటుకోళ్లు. కోళ్లు బడికెందుకని ఎవరో అంటే, "గుడ్డెట్టవా?" అని ఇచ్చినావిడ కోప్పడింది. పొరుగింటివాళ్ల చదివింపు మైకులో వినగానే ఇటు ఇంటివాళ్లు వెనక్కి వెళ్లి తమ చదివింపును పెంచుకుని వచ్చారు. ఆ నాలుగు రోజులూ ఎవరి దగ్గరా లేని తాళాలన్నీ ఒక్కసారిగా దొరికాయి.

పాలు పొంగాయి. పిల్లలు కేకలు వేశారు. అప్పుడు గానీ ఎవరికీ ఆవు గుర్తుకు రాలేదు. కొత్త ఇంట్లోకి ముందు ఆవు అడుగుపెట్టాలి కదా. ఊళ్లో చూడచక్కని ఆవు బంగారే. అప్పలసూరి దానికి కొమ్ములకు పూలు చుట్టి, తనకేదో పట్టాభిషేకం అన్నట్టు నడిపించుకొచ్చాడు. ఆవు నాలో పట్టదు కాబట్టి, నా గుమ్మం ముందు మొహం చూపిస్తే చాలన్నారు పంతులుగారు.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. ఆ పొద్దున లోకనాథానికి మేడ మీద తోట ఉంటే బాగుంటుందనిపించింది. వెళ్లి నవనవలాడే పచ్చగడ్డి కోసుకొచ్చి నా డాబా అంతా నాటాడు. కింద గంజి, మైదా, ఉప్పు. పైన పచ్చగడ్డి. ఎదురుగా ఆవు.

బంగారి నా గుమ్మం చూడలేదు. నా నెత్తి చూసింది. నాలిక చాపింది. తోట పోయింది. రుచి చూసుకుని ఇంకో పట్టు పట్టింది. పదో తరగతి పోయింది. తొమ్మిదో తరగతి కిటికీలతో సహా కరకరలాడింది. నాకు నొప్పేమీ లేదుగానీ చక్కిలిగింతలు పుట్టాయి. ఆవు నాలిక ఎంత గరుకో మీకు తెలియదు! అప్పలసూరి తాడు లాగుతున్నాడు, పంతులుగారు మంత్రం ఆపకుండా వెనక్కి నడుస్తున్నారు, కోళ్లు తప్పించుకుని మైకెక్కాయి. బంగారి మాత్రం నింపాదిగా నెమరువేస్తోంది. దాని మూతికి ఒక పాత శుభలేఖలోని బంగారు రంగు అంటుకుంది.

అందరూ పాపారావుగారి మొహం వైపు చూశారు. లోకనాథం ఒక్కడే పగలబడి నవ్వాడు. అతని నవ్వు అతనికి వినపడదు కాబట్టి దాన్ని ఆపాలని కూడా అతనికి తోచలేదు. దాంతో పాపారావుగారు మొదలుపెట్టారు. ఆ తర్వాత ఊరంతా.

సుభద్రా టీచర్ కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి. "క్షమించండి సార్, మేడ..." అన్నారు.

"మేడ బాగా కుదిరినట్టుందమ్మా, ఆవుకి నచ్చింది!" అన్నారాయన పొట్ట పట్టుకుని.

సూరీడమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని లేచింది. "నవ్వులు తరవాత. ఓ సూరి బావా! నిరుడు మా మేకపిల్ల నీ సోడి సేన్లో మూతెడితే తప్పు కట్టించుకున్నావు కాదేటి? ఇప్పుడు నీ ఆవు మా మనవరాలి మేడ మేసేసినాది. కట్టు తప్పు!"

"అది కాగితం కదేటే!" అన్నాడు అప్పలసూరి.

"మా మేక మేసింది మాత్రం నాలుగాకులు కాదేటి? మేసింది మేసినట్టే!"

"మేసింది మేసినట్టే!" అంది ఊరు. పంట మేసిన పశువుకు తప్పు, అంటే జరిమానా, కట్టాలన్నది ఆ ఊళ్లో అందరూ ఒప్పుకునే మాట. దాన్ని అందరికన్నా గట్టిగా పట్టుకునే మనిషి ఇంతకాలం అప్పలసూరే.

పాపారావుగారు పెద్దమనిషిలా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సరే, తప్పు ఎంత? మేడ ఎవరు కట్టారో వాళ్లే చెప్పాలి."

వేళ్లన్నీ హైమ వైపు తిరిగాయి. ఆమె కుర్చీ తోసుకుని నా దగ్గరికొచ్చింది. నన్ను చూసింది. నా మీద మేడ లేదు. మెట్లు మాత్రం మిగిలాయి, ఆకాశంలోకి ఎక్కుతున్నట్టు. ఆమె ఆ అగ్గిపుల్లల మెట్లను రెండు వేళ్లతో పట్టుకుని టక్కున విరిచేసింది. అవి ఒళ్లో పెట్టుకుని తలెత్తింది.

"ఆవు మేడంతా మేసింది తాతా," అంది. "కాబట్టి మేడ ఎంతుందో అంత నేల ఇవ్వు. పై గదులు పక్కన కట్టుకుంటాం. అప్పుడు నన్నెవరూ ఎత్తక్కర్లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

అప్పలసూరి ఆ పిల్ల కాళ్ల వైపు, మెట్ల వైపు, చివరికి తన ఆవు వైపు చూశాడు. "మరి దీని మేతో?" అన్నాడు, కాస్త మెత్తబడి.

"నీ ఆవు మా మేడ తినేసింది కదా, ఇక మేం దాని మేత జాగాలోకి దిగుతాం. అది మా వంటగది దగ్గరికి రావాలి. రోజూ గంజీ, కూరగాయల తొక్కలూ పెడతాం," అంది హైమ.

"రోజూనా?"

"ఆదివారం కూడా."

అప్పలసూరి తలపాగా విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. "నాను బడి మొకం సూళ్లేదు. నా ఆవన్నా ఎల్తాది," అన్నాడు. "రాయించీండి బాబుగారూ."

అప్పుడు లేచిన కేకలకు నా కిటికీ ఊచలు రెండు ఊడిపోయాయి. లోకనాథం వాటిని మళ్లీ అతికించలేదు, కబుర్లతో అతని చేతులకు తీరిక లేదు. మేడ లేకపోతే ఖర్చు కూడా తగ్గుతుందని పాపారావుగారు మైకులో ప్రకటించి, బంగారి కొమ్ముకు తన కండువా కట్టారు. బంగారి దాన్ని కూడా రుచి చూసింది.

బడి లేచింది. అన్ని గదులూ నేల మీదే, గుమ్మాలు వెడల్పు, ఎక్కడా గడప లేదు. నన్ను వరండాలో అద్దాల పెట్టెలో పెట్టారు, కుర్చీలో కూర్చున్నవాళ్ల కళ్లకు అందేంత ఎత్తులో. నా నెత్తి మీద ఆవు పళ్ల గుర్తులు అలాగే ఉంచారు. కొత్తగా వచ్చిన ఇంజనీర్లు నన్ను చూసి "ఇదేం డిజైను?" అని అడుగుతుంటారు. కళ్లు కనిపించని పిల్లలు పెట్టె తెరిపించుకుని ఆ గుర్తుల్ని వేళ్లతో తడిమి కిసుక్కుమంటారు.

బంగారి రోజూ వంటగది వైపు వెళుతూ అద్దం ముందు ఆగుతుంది. దాని చూపులో పశ్చాత్తాపం ఏమీ ఉండదు. మిగిలింది ఎప్పుడు పెడతారన్నట్టుంటుంది.

హైమ ఇప్పుడు పదో తరగతి. రోజూ ఆలస్యంగానే వస్తుంది. గంట కొట్టేశాక గేటులోంచి రివ్వున దూసుకొచ్చి, మూల మలుపు దగ్గర ఒక చక్రం మీద తిరిగినంత పని చేసి, నా ముందునుంచి దూసుకుపోతుంది. "మెల్లిగా వెళ్లవే తల్లీ!" అని సుభద్రా టీచర్ ఆఫీసు గదిలోంచి అరుస్తారు. మెల్లిగా ఎందుకు వెళుతుంది? ఆ గాలికి నా పెట్టె అద్దాలు గలగలమంటాయి. నాకైతే మళ్లీ ఆ చక్కిలిగింతలే.