కాపలావాడి నీడ

మార్చి పదకొండవ తేదీ, బుధవారం, ఉదయం. ప్రచురణాలయం మేడమీది గది. హాజరైనవారు: నవల రాసిన రచయిత్రి, ముఖచిత్రం వేసిన ఆమె మరదలు, అంటే తమ్ముడి భార్య, ప్రచురణకర్త, అమ్మకాలు చూసే ఉద్యోగి. ఎదుటివారు వాక్యం పూర్తిచేసేలోగా తాను మూడు మాట్లాడతాడు గనుక, ఈ నాలుగో వ్యక్తిని ఆఫీసంతా సుడిగాలి అంటుంది.

బల్లమీద రెండు నమూనాలు ఉన్నాయి. ఒకటి బొమ్మలు అమ్మే సంస్థ దగ్గర కొన్నది: నిప్పులు కక్కే డ్రాగన్, దానికెదురుగా కత్తి దూసిన యువతి. రెండవది మరదలు నెల్లాళ్లు కూర్చుని నీటిరంగుల్లో వేసింది: కోట తలుపు తెరిచి పట్టుకుని వంగి నిలబడిన కాపలావాడు, వెనక రాతిగోడమీద అతని నీడ.

“డ్రాగనే! ఫాంటసీ అనగానే షాపువాడు అడిగేది అదే,” అన్నాడు సుడిగాలి.

“నా నవల్లో డ్రాగన్ లేదు,” అంది రచయిత్రి.

“లేకపోతే ఒకటి పెట్టండి మేడమ్. ఇంకా అచ్చుకు పోలేదుగా!”

ప్రచురణకర్త నవ్వు ఆపుకుని, అంగీకారపత్రం ఆమెవైపు జరిపాడు. “ఏదో ఒకటి తేల్చండి అక్కయ్యగారూ. మీ సంతకం పడితేగాని ప్రెస్సువాడు కదలడు.”

మరదలి బొమ్మకే మొగ్గాలని ఆమె నిశ్చయించుకునే వచ్చింది. కలం మూత తీసి, నమూనాను వెలుతురులోకి లాక్కుంది. అప్పుడు కనిపించింది. కాపలావాడి తలమీద ఏమీ లేదు; గోడమీది నీడకు మాత్రం కిరీటం ఉంది.

తలుపు కాసేవాడే అసలు రాజు. ఆరువందల పుటల పొడుగునా ఆమె కడుపులో దాచుకొచ్చిన రహస్యం అదొక్కటే. ఆఖరి పుటలోగాని అది బయటపడదు. బొమ్మ వేసేవారికి మొదటి మూడు అధ్యాయాలూ, చిన్న సారాంశమూ పంపడం అక్కడి ఆనవాయితీ. అంతమాత్రం చదివినవారికి ఈ కిరీటం తట్టదు.

“మొత్తం చదివావా?”

“మీ తమ్ముడి దగ్గర కాపీ ఉందిగా వదినా. చదవకుండా ఎలా వేస్తాను?”

“ఆ కిరీటం తీసెయ్.”

“తియ్యను.”

ప్రచురణకర్త గొంతు సవరించుకున్నాడు. “పోనీ డ్రాగన్ వేసేద్దాం. అమ్మాయికి ఇంకోసారి చూద్దాంలే.”

మొదటి ముఖచిత్రమే వెనక్కి పోయిన చిత్రకారులను ఈ ప్రచురణాలయం మళ్లీ పిలిచిన దాఖలా లేదు; మరదలికి ఇదే మొదటిది. ఆమె మొహం పాలిపోయింది. అయినా చూపు దించలేదు.

“ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా దాచుకుని రాశానే! నువ్వు అట్టమీదే దండోరా వేస్తావా?”

“తిట్టండి వదినా, పడతాను. కానీ వినండి. మీ తమ్ముడు నోరుజారి చివర ముందే చెప్పేశారు. అది తెలిసే మొదటి పేజీ తెరిచాను. ఆ దొంగ యువరాజుకి కాపలావాడు వంగి తలుపు తీస్తాడే, అక్కడ నావల్ల కాలేదు. కాగితాలు పక్కన పెట్టి, కాసేపు లేచి వెళ్లాను. తెలియకపోతే అక్కడ ఏముంది? ఎవడో తలుపు తీశాడు, అంతేగా!”

ఆ ఘట్టాన్ని రచయిత్రి ఒక్క పూటలో రాసి పక్కన పెట్టింది. చెక్కి చెక్కి మురిసిపోయింది ఆఖరి పుటను చూసుకునే.

సుడిగాలి బల్లమీదికి వంగాడు. “ఓహో, నీడకి కిరీటం! వీడే రాజన్నమాట!”

రచయిత్రి కళ్లు మూసుకుంది. ఒక్క చూపుకే రహస్యం పోయింది.

“ఆగండాగండి. రాజైతే తలుపెందుకు కాస్తున్నాడు? కోటలో ఎవరికైనా తెలుసా? వాడి పెళ్లానికి?” అతడు బొమ్మను వదిలి ఆమెవైపు తిరిగాడు. “చెప్పండి మేడమ్, ఊరిస్తారేం?”

“చదువుకోండి.”

“అంత లావు పుస్తకమా!”

“అంత లావుదే.”

“సరే, పంపించండి, ఏం చేస్తాం,” అన్నాడు చిరాగ్గా.

ఆమె కిరీటంమీద వేలు ఆనించింది. తరువాత ప్రచురణకర్తతో అంది: “ఆఖరి అధ్యాయం ప్రూఫు నాకు వెనక్కి కావాలి. చివరి పుట తీసేస్తాను. అట్ట చూసి రాజెవరో తెలిసే చదువుతారు; మళ్లీ అక్కడ చెప్పడమెందుకు?”

“వదినా, అది మీకు ప్రాణం కదా!”

“నువ్వు మాట్లాడకు.”

ఆ గొంతులో కోపం ఇంకా చల్లారలేదు. ‘రెండవ నమూనా, మార్పులు లేకుండా’ అని పత్రంమీద రాసి సంతకం చేసింది. ప్రచురణకర్త సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని రెండు మడతలు పెట్టి, సొరుగులో పెట్టి మూశాడు.