గీయకుండ విడిచిన దారాలు

చీకటి. చీకట్ల రంగులు... గులాబి, నీలం, తేనెరంగు... మెల్లగ పారుతున్నయ్.

వాటి నడుమ నల్లటి దారాలు.

సన్నటివి. వంకర తిరిగినవి. ఊగుతున్నయ్...

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది. నాంపల్లిల జనార్దన్ రావు సార్ ప్రయోగశాల. సూక్ష్మదర్శిని కింద గాజుపలక, పలక మీద చిటికెడు పచ్చపొడి. వేడి చేస్తే కరుగుతది. నీళ్ళ లెక్క పారుతది, లోపల మాత్రం స్ఫటికం లెక్క ఒక అమరిక ఉంటదట. ద్రవస్ఫటికం అంటరు. ఫొటో తీసే యంత్రం మా దగ్గర లేదు. అందుకే నేను. కంటితో చూసుడు, చేత్తో గీసుడు — నా నౌకరి గదే.

కండ్లు పోతే నౌకరి లేదు.

దారాలు చూసిన మొదటిరోజే మా నాయన యాదికొచ్చిండు.

మెదక్‌ల మా నాయన బడిపంతులు. ఒకరోజు, కండ్ల ముంగట నల్లదారాలు ఆడుతున్నయిరా అన్నడు. రెండేండ్లకు చూపు పోయింది. ఆ తర్వాత చెయ్యి పట్టుకొని చర్చికి నేనే తీసుకపోయేది.

ఇగ నా వంతు అనుకున్న.

అబిడ్స్‌ల నడుస్తూ ఎండల తెల్లగోడ దిక్కు చూసిన. గాడ గూడ ఒక దారం... గట్ల వెతికి చూస్తే మంచి కండ్లకు గూడ ఒకటో రెండో కనిపిస్తయని అప్పుడు తెల్వదు. కండ్లద్దాల దుకాణం మెట్ల దాక పోయిన. ఎక్కలె. ఎక్కితే నిజమైతదని భయం.

అందుకే దారాలు గీయలె.

రంగులు గీసిన. దారమొస్తే విడిచిన. మూడు వారాలు. ఇరవై ఒక్క బొమ్మ. ఎంత శుభ్రంగ వచ్చినయో! ఎవలూ పట్టలేరని మురిసిన గూడ.

నిన్న పొద్దున సార్ మొదటిసారి బొమ్మలన్నీ బల్ల మీద పరిచిండు. ఒకటి చూసిండు. ఇంకొకటి చూసిండు. అద్దాలు తుడుచుకొని మళ్ళ మొదటిది చూసిండు.

"దేవప్రసాద్, దారాలేవి?"

"మీకు గూడ కనిపిస్తున్నయా, సార్?"

"కనిపించకేం? కనిపించినవన్నీ గీయమనే గద నిన్ను పెట్టుకున్నది."

ఆ ద్రవంల అణువులు పక్కపక్కన ఒకే దిక్కుకు నిలబడ్తయట. యాడ దిక్కు కుదరదో ఆడ లోపం పడ్తదట. ఆ లోపమే మన కంటికి దారమట. నమ్మలేక నేను మళ్ళ మళ్ళ అడిగిన. సార్ విసుక్కొని, కంటిని కదపకుండ చూడమని, గాజుపలకను జర పక్కకు జరిపిండు.

పలకతోని దారాలు గూడ జరిగినయ్.

కంట్ల ఉన్నవైతే పలకతోని ఎందుకు జరుగుతయ్?

లోపం ద్రవంలది. నా కంట్లది కాదు... నా కంట్లది కాదు.

ఏడ్చిన. సిగ్గు లేకుండ, సార్ ముంగటనే. ఏడ్చుకుంట అంతా చెప్పిన. సార్ చెడామడా తిట్టిండు, మూడు వారాల పని గంగల కలిపినవని. ఆ తిట్లు నాకెంత తియ్యగున్నయో. ఇరవై ఒక్కటీ మళ్ళ గీయాలె. గీస్త. ఒక్క దారం గూడ విడవకుండ గీస్త.

ఇంటికి ఉరికినట్టే పోయిన. నా భార్య జయమణి బియ్యం ఏరుతున్నది. పక్కన కూసొని మొదటికెళ్ళి చెప్పిన. చాట కింద పెట్టింది.

తర్వాత మెల్లగ అన్నది —

"పోయిన నెల నాకు జ్వరమొస్తే దవాఖానకు తీసుకపోతివి. గప్పటి సంది పొద్దున లేస్తే నా మొఖమే చూస్తున్నవ్. నాకు పెద్ద రోగమని డాక్టరమ్మ నీకు చెప్పింది, నువ్వు దాస్తున్నవ్ అనుకున్న."

నిజమే. చూపు పోకముందే ఆ మొఖం కంఠతా పట్టాలనుకున్న.

మూడు వారాలు... ఒకే కప్పు కింద, నా భయం నేను మోసిన, ఆమె చావు ఆమె మోసింది.

కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. నవ్వింది. మళ్ళ ఏడ్చింది.

"నీ కండ్లు మంచిగనే ఉన్నయ్ గద. ఇగ చూడకు" అన్నది.

నేను చూస్తనే ఉన్న...